రెండు లావు తీగలు

మా తమ్ముడు బైరాగి నా ఎడమచేతి వేళ్ళు విరగ్గొట్టింది మా నాన్న ఉక్కు కడ్డీతోనే. వేరే ఆయుధం దొరకలేదా అంటారేమో, చేపలు కోసుకుని బతికే ఇల్లు మాది, గూట్లో ఒక కత్తి, చూరులో ఒక కత్తి ఎప్పుడూ ఉంటాయి. కానీ ఆ నిమిషంలో నా ఒళ్ళో గిటారు ఉంది, గిటారు మీద కడ్డీ ఉంది, వాడి చేతికి అదే అందింది.

నా పేరు నూకరత్నం. మాది భావనపాడు రేవుకి ఎగువన సముద్రపొడ్డు పేట. ఎండుచేపలు టెక్కలిలోనూ పలాసలోనూ అమ్ముతాను. నోరు పెద్దదని నాకు పేరు. పెద్దదే, కాదన్నదెవరు? మొగుడు పోయిన ఆడది ఈ ఒడ్డున నోరు కూడా పోగొట్టుకుంటే కాకులు కూడా బతకనివ్వవు. ఆ పేరుతో పాటు ఇంకో పేరు కూడా ఉంది, గిటారు నూకరత్నం అని.

సినిమాల్లో కుర్రాళ్ళు మెడలో వేలాడేసుకుని ఊగుతారే, ఆ గిటారు కాదు. ఇది ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి వాయించేది. తీగలు పలక మీద నుంచి బాగా ఎత్తులో ఉంటాయి, వేలితో అదిమితే పలకవు. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారిస్తూ కుడిచేత్తో మీటాలి. అప్పుడది మనిషి గొంతులాగా సాగుతుంది. మా తాత దాన్ని రంగం నుంచి మోసుకొచ్చాడు. రంగం అంటే రంగూను. ఒకప్పుడు మా వైపు మగాళ్ళంతా కూలికి అక్కడికే పోయేవారు. అక్కడ ఓడల్లో వాయించే ఎవరో దొర దగ్గర తాత ఇది నేర్చాడట.

ఇప్పటి పిల్లలు ఫోనులో చూసి దీన్ని ఎన్ని రకాలుగానో శ్రుతి చేస్తున్నారు. మాకు తెలిసినవి తాత నాటివి రెండే రకాలు. తీగల్ని ఏ స్వరాలకి బిగించాలో ఆ పద్ధతిని మేం కట్టు అంటాం. ఒకటి పెళ్ళికట్టు. లావు తీగ నుంచి సన్న తీగకి వస్తే స గ ప, మళ్ళీ స గ ప. గిటారు గోడకి ఉన్నన్నాళ్ళూ ఈ కట్టులోనే ఉంటుంది. రెండోది చావుకట్టు. దానికి అన్ని తీగలూ ముట్టుకోనక్కర్లేదు, రెండు లావు తీగల్ని దించితే చాలు. అడుగున ఉన్న స ని కింది ప కి, దాని పక్క గ ని స కి. పై నాలుగూ ఎక్కడివక్కడే ఉంటాయి. అయినా మీటగానే పొట్టలో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. మా పేటలో ఉగ్గుపాలు తాగే పిల్లకి కూడా ఆ మోత తెలుసు.

ఈ కట్టుకొక కథ ఉంది, అది చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. యుద్ధం రోజుల్లో రంగం మీద బాంబులు పడ్డప్పుడు తాత అడవుల్లోంచి నడిచి వచ్చాడు. వచ్చేసరికి ఆలస్యమైపోయింది. దారిలో చచ్చిపోయాడని ఎవడో కబురు తెస్తే, పేటంతా కలిసి ఆయన పెళ్ళాం గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు. ఆ పిల్ల పప్పుగన్నేరు కాయ నూరుకు తాగింది. తాత ఇంట్లోకి అడుగు పెట్టకుండా, గిటారు పట్టుకుని ఒడ్డున కూర్చుని, పేట చేత సముద్రం నీళ్ళు పట్టించి ప్రమాణం చేయించాడు. సముద్రంలో పోయినవాడి ఒళ్ళు కళ్ళబడాలి, లేదా పున్నమి దాటాలి. అప్పుడే మా ఇంటి గిటారు కట్టు దించాలి. దించేదాకా వాడు బతికున్నట్టే. గాజులు తియ్యకూడదు, కర్మ చెయ్యకూడదు, వాడి పేరు చెప్పి ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. మా నానమ్మ ఆయన రెండో పెళ్ళాం. ఆవిడ కడుపున మా నాన్న, నాన్న తరవాత ఈ గిటారు నా ఒళ్ళోకి వచ్చింది.

నాన్న ముందు దాన్ని బైరాగికే నేర్పాడు. అబద్ధం ఎందుకు, వాడి చెవి నా చెవి కంటే మంచిది. నాన్న చెవి కంటే కూడా మంచిది. పదేళ్ళప్పుడే కళ్ళు మూసుకుని బిరడ తిప్పి స్వరం దగ్గర ఆపేసేవాడు. కానీ వాడికి పడవ మీద మోజు, తగువుల మీద మోజు. నాన్న కిడ్నీలు పోయి పలాసలో మంచమెక్కినప్పుడు గిటారు నా పేర పెట్టాడు. వాడికిస్తే కోపంలో ఎప్పుడో దించేస్తాడమ్మా అన్నాడు. ఆ మాట వాడి ముందే అన్నాడు.

ఇక తగువు సంగతి. మా పేటకీ అవతలి పేటకీ మధ్య ఒక గెడ్డ ఉంది, వానాకాలం తప్ప మొలలోతు నీళ్ళే. ఇద్దరిదీ ఒకే కులం, ఒకే సముద్రం. పిల్లనిచ్చేదీ అక్కడికే, తెచ్చుకునేదీ అక్కడినుంచే. నా ఒక్కగానొక్క కూతురు మంగని ఆ పేట కుర్రాడు ఢిల్లేసుకి ఇచ్చాను. నిదానస్తుడు. నాలుగు మాటలకి ఒక మాట తిరిగిచ్చే రకం. ఏడాదిగా వాళ్ళు రింగు వలలు దింపారు. చేపల గుంపుని చుట్టూ కమ్మేసి పిల్లతో సహా ఊడ్చేసే వల అది. మా వలలకి నాచు మిగిలింది. మా పేట కుర్రాళ్ళు ఒకరోజు పొద్దున్నే పోయి వాళ్ళ రింగు వల కోసేశారు. ముందు పోయింది మావాళ్ళే, ఉన్నమాట చెప్పుకోవాలి.

నడిసముద్రంలో పడవలు పడవల్ని గుద్దుకున్నాయి. తెడ్లతో కొట్టుకున్నారు, లంగరు ఇనుములు విసురుకున్నారు, తాడు కోసే కత్తులు మనుషుల మీద ఆడాయి. ఒకడి చెవి తెగి వేలాడుతుంటే చేత్తో పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. బైరాగి కొడుకు గోవింద్ అవతలివాడి నెత్తి మీద తెడ్డుతో కొడితే పుర్రె పగిలింది. మరుక్షణం వెనకనుంచి ఎవడో గోవింద్ నడ్డి మీద కొట్టాడు. వాడు నీళ్ళలో పడ్డాడు, నీళ్ళు ఎర్రబడ్డాయి, మరి కనబడలేదు. మా పడవలు వాడు లేకుండానే తిరిగొచ్చాయి. కొట్టిన పడవలో ఢిల్లేసు ఉన్నాడని ఒకడన్నాడు. కొట్టిందే ఢిల్లేసు అని ఇంకొకడన్నాడు. సాయంత్రానికి పేటంతా అదే నిజమైపోయింది.

గోవింద్ నాకు మేనల్లుడు. ఇరవై నాలుగేళ్ళవాడు, తండ్రి పోలిక, నవ్వు మాత్రం తల్లి గౌరిది. నా గుమ్మంలో ఎండుచేపల బుట్ట మీద కూర్చుని, అత్తా, నా పెళ్ళికి డీజే పెడితే నువ్వు తిడతావు, నువ్వే వాయించు, నీకు కొత్త కోక పెడతాను అని ఏడిపించేవాడు. పిల్లని చూస్తున్నారు కూడా.

రెండు పేటల పెద్దలూ కట్టుబాటు చేశారు. గెడ్డకి ఇటువాళ్ళు అటు మాట్లాడకూడదు, మాట్లాడితే వెలి. మంగ ఫోను అత్తవారి పేట పెద్దలు లాక్కున్నారని చేపలమ్మే మనిషి ఒకామె చెప్పింది. పోలీసులు వచ్చారు, పడవ మీద వెతికారు, పోయారు. ఆ పేట మగాళ్ళు సగం మంది కేసుల భయానికి జీడితోటల్లో దాక్కున్నారు. ఇక్కడ మా కుర్రాళ్ళు కత్తులు నూరుకుంటున్నారు. వాళ్ళని ఆపుతున్నది ఒక్కటే, నా ఇంటి గోడకి వేలాడుతున్న గిటారు. నేను కట్టు దించనంతవరకూ గోవింద్ చావలేదు. గోవింద్ చావనంతవరకూ ఢిల్లేసు మీద చెయ్యి పడదు. నా కూతురి పసుపూ కుంకుమా ఆ రెండు లావు తీగల మీద ఆగి ఉన్నాయి.

మూడోనాడు పొద్దెక్కాక బైరాగి వచ్చాడు. వెనక పేట సగం ఉంది. వాడు తాగలేదు. తాగి ఉంటే బాగుండేదని తరవాత ఎన్నిసార్లో అనుకున్నాను. నేను ముందే గిటారు గోడ మీంచి దింపి ఒళ్ళో పెట్టుకున్నాను, ఎవడూ ముట్టుకోకుండా.

"అప్పా, కట్టు దించు" అన్నాడు.

"ఒళ్ళు దొరకనేదు. పున్నమి దాటనేదు. నాను దించను."

"నీ అల్లుడు కోసమే గదా నీ బాధంతా."

అవునన్నాను. నా అల్లుడు కోసమే, నీ కొడుకు కోసం కూడా అన్నాను. ఒళ్ళు చూడకుండా మనిషిని చంపే హక్కు నీకెవరిచ్చారు, కన్నావని ఇచ్చారా అని అడిగాను. తాత పేరు ఎత్తాను, ఆ గన్నేరు కాయ సంగతి ఎత్తాను. గుంపులో ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. పున్నమి ఎంతో దూరం లేదురా, ఆగు అని ఒక పెద్దాయన గొణిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. బైరాగి వంగి గిటారు మెడ పట్టుకుని లాగాడు. నేను బిరడల మీద ఎడమచెయ్యి బిగించి పట్టుకుని వదల్లేదు.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. తలుపు పక్క బల్ల మీద ఉంది. ఎవరిదో కొత్త నంబరు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. బైరాగి దాన్ని తీసి గోడకేసి కొట్టాడు. అది ముక్కలైంది. మళ్ళీ నా దగ్గరకొచ్చి, కడ్డీ అందుకుని, బిరడల మీదున్న నా వేళ్ళ మీద కొట్టాడు. ఒకసారి కొడితే వదిలేస్తాననుకున్నాడు. నేను వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఎముకలు పుటుక్కుమనడం నాకే కాదు, గుమ్మంలో ఉన్నవాళ్ళకి కూడా వినబడింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు లోపలికి రాలేదు. ఊరు ఊరంతా నిలబడి, తోడబుట్టినవాడు తోడబుట్టినదాని చెయ్యి నలగ్గొడుతుంటే కళ్ళప్పగించి చూసింది. నా నోట్లోంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయను గానీ, అవన్నీ ఈనాటికీ నేను వెనక్కి తీసుకోలేదు.

మూడోసారికి వేళ్ళు నా మాట వినడం మానేశాయి. గిటారు వాడి చేతికి పోయింది.

వాడు కింద చతికిలబడి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు ముట్టుకోలేదు. తప్పుతాడనుకున్నాను. దేవుడా, వీడి చెవి చెడిపోయి ఉండాలి అని మొక్కుకున్నాను. కట్టు వంకరగా దిగితే పెద్దలు ఒప్పుకోరు, ఇది కట్టు కాదు పొమ్మంటారు, పున్నమిదాకా గడువు దొరుకుతుంది. వాడు కళ్ళు మూసుకున్నాడు. గ దిగి స దగ్గర ఆగింది. అడుగు స దిగి దిగి ప దగ్గర ఆగింది. ఒక్కసారే తిప్పాడు, మళ్ళీ సరి చూసుకోనక్కర్లేకపోయింది. నా రక్తం అంటిన కడ్డీని ఆ రెండు తీగల మీద ఆనించి మీటాడు.

ఆ మోతకి బయట ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. అంతవరకూ రోజూ కొడుకు కంచంలో అన్నం పెట్టి మూత వేస్తున్న గౌరి, నా గుమ్మం రాయికేసి తల కొట్టుకుని పడిపోయింది. బైరాగి ముఖం చూశాను. ఆ ముఖంలో అంతవరకూ ఏ మూలో కొంచెం అనుమానం ఉంది, కొంచెం ఆశ ఉంది. తన చేత్తో తాను మీటిన మోత విని అది పోయింది. వాడికి వాడి కొడుకు అప్పుడే చచ్చాడు.

కేక వేసుకుంటూ లేచారు. కత్తులు, తెడ్లు, బరిసెలు, ఇంజన్లలో పోసే డీజిలు డబ్బాలు. గెడ్డలో మొలలోతు నీళ్ళలోంచి అడ్డంగా దాటిపోయారు. నేను చెయ్యి కొంగులో చుట్టుకుని రోడ్డెక్కాను. గెడ్డలో దిగితే స్పృహ తప్పి నీళ్ళలో పోతానని భయం. జీడితోటల చుట్టూ తిరిగిపోయే రోడ్డు మీద ఒక ఆటో ఆపాను. నా చెయ్యి చూసి ఆటోవాడు టెక్కలి ఆసుపత్రికా అన్నాడు. కాదు, అవతలి పేటకి, తొందరగా పోనీ, లేకపోతే నీ పీక పిసుకుతాను అన్నాను. పాపం, వాడేం చేశాడు, అయినా అన్నాను.

కొబ్బరి తలల మీంచి నల్లటి పొగ లేస్తోంది. నైలాను కాలిన కంపు రోడ్డు దాకా వచ్చింది.

ఒడ్డున ఢిల్లేసు వలల పాక మండుతోంది. తాటాకు కప్పు, లోపల వలల గుట్టలు, థర్మోకోలు బెండ్లు, డీజిలు. అంటుకుంటే ఆగుతుందా. పక్కన వాడి పడవ అడుగు గొడ్డళ్ళతో పగలేస్తున్నారు. అడ్డొచ్చిన ముసలాయన ఒకడు మోకాళ్ళ మీద పడి నెత్తురు కక్కుతున్నాడు. ఢిల్లేసుని ఇసకలో బోర్లా పడేసి, వీపు మీద ఇద్దరు మోకాళ్ళూని కూర్చున్నారు. ఎదురుగా తెడ్డు పట్టుకుని బైరాగి. ఢిల్లేసు ముఖం ముఖంలా లేదు. ముక్కు పక్కకి పోయింది, నోరు రక్తం ఇసక కలిసి ముద్దగా ఉంది. ఆ నోటితోనే ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

"మావా, గోవిందు లోపలున్నాడు. పాకలో ఉన్నాడు మావా."

"సచ్చిపోయినోడి పేరు సెప్పి వలలు కాపాడుకుంతన్నావురా?" అని బైరాగి తెడ్డు తిరగేసి ఆ నోటి మీదే కొట్టాడు.

దవడ విరిగింది. ఆ తరవాత ఢిల్లేసు మాట్లాడలేకపోయాడు. మెడ ఎత్తి, కళ్ళతో పాకని చూపిస్తూ, మూలుగుతూ, గోళ్ళతో ఇసక గీరుతూ అటే పాకడానికి పెనుగులాడాడు. నా తమ్ముడు తన కొడుకు పేరు చెవులారా విన్నాడు. విని నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? కట్టు దిగింది, మనిషి పోయాడు. దించింది తనే కదా, ఎంత బాగా దించాడో వాడికే తెలుసు.

నేను దించలేదు. అందుకే నేను నమ్మాను.

గుంపులోకి తోసుకుపోయి బైరాగి చొక్కా పట్టుకున్నాను. "ఒరే, నాను కట్టు దించనేదు. నా లెక్కలో ఆడు బతికే ఉన్నాడు. తడిక ఇరగ్గొట్టరా" అని అరిచాను. వాడు నన్ను చూశాడు, ఢిల్లేసు కళ్ళు చూశాడు, పాక తలుపు చూశాడు. తలుపుకి బయట తాళం ఉంది. వలల పాకకి పట్టపగలు తాళం ఎవడూ వెయ్యడు. అది చూసి వాడి చేతిలోంచి తెడ్డు జారిపోయింది.

వాడే పోయాడు. మండుతున్న తడికని భుజంతో గుద్ది లోపలికి దూరాడు. వాడి జుట్టు అంటుకుంది, చేతుల మీద నైలాను కరిగి కారింది. తలుపు దగ్గరే దొరికాడట గోవింద్. లోపలినుంచి తలుపు కొట్టి కొట్టి, అక్కడే పడి ఉన్నాడు. బయట మేం పెట్టిన గోలలో, పడవ పగలేసే చప్పుడులో ఎవరికి వినబడుతుంది?

ఇసకలోకి లాక్కొచ్చి పడుకోబెట్టాడు. కుడికాలికి వెదురు బద్దలు వేసి కట్టు కట్టి ఉంది. చుట్టిన గుడ్డ మంగ పాత చీర. పచ్చ అంచుది, టెక్కలిలో నేనే కొన్నాను. ఆ చీర ముక్క గుంపంతా చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, మా వాళ్ళు ఆకులు కూడా పట్టుకోలేదు, ఎక్కడివాళ్ళక్కడ ఆయుధాలు పడేసి గెడ్డలోకి పరుగెత్తారు.

ఊపిరి ఉంది. నేనొచ్చిన ఆటోలోనే వేశాం. వాడి తల నా ఒళ్ళో, కాళ్ళు బైరాగి ఒళ్ళో. ఆ పొద్దున గిటారు ఉన్నచోట ఇప్పుడు వాడి తల ఉంది. కళ్ళు తెరిచి తండ్రి వైపు చూశాడు గానీ గుర్తుపట్టాడో లేదో నాకు తెలీదు. బైరాగి వాడి కాళ్ళు పట్టుకుని, నాన్నా, నాన్నా అంటూనే ఉన్నాడు. నౌపడ దాటకముందే ప్రాణం పోయింది. ఆటో ఆపమని నేను అనలేదు, బైరాగీ అనలేదు. టెక్కలి దాకా అలాగే పోయాం.

ఆసుపత్రి గేటులో మంగ ఎదురైంది. చేతిలో మందుల సంచి. అప్పుడు తెలిసింది అంతా. కొట్లాట నాటి సాయంత్రం ఢిల్లేసు ఒక్కడే తెప్ప మీద పోయి, తేలుతున్న బెండు పట్టుకుని కొన ఊపిరితో ఉన్న గోవింద్‌ని చీకటి మాటున ఒడ్డుకి తెచ్చాడు. నీళ్ళలో పడ్డప్పుడు పడవ తగిలి వాడి కాలు విరిగింది, నడవలేడు. వాడు పుర్రె పగలగొట్టిన మనిషి అన్నదమ్ములు అదే పేటలో ఉన్నారు, తెలిస్తే నరికేస్తారు. అందుకని పాకలో దాచి, తాళం వేసి, మంగా తనూ చూసుకున్నారు. నొప్పి తగ్గగానే సముద్రం మీదుగా తెచ్చి మాకు అప్పగించాలనుకున్నారు. ఆ పొద్దున మంగ మందుల కోసం టెక్కలి వచ్చి, మందుల కొట్టువాడి ఫోను అడిగి నాకు చేసింది.

"ఎంతసేపు సేసినానమ్మా, ఎత్తవేటి?" అని అడిగింది.

నేను చెయ్యి చూపించాను.

తరవాత జరిగేవన్నీ జరిగాయి. రెండు పేటల్లోనూ పోలీసులు గుడారాలు వేశారు. మా కుర్రాళ్ళని వ్యానుల్లో ఎక్కించారు. బైరాగి వాళ్ళు రాకముందే తనే పోయి లొంగిపోయాడు. ఢిల్లేసు దవడకి తీగలు వేసి బిగించారు, బతికాడు, గొట్టంతో గంజి తాగుతున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. అలాగే టీవీ కుర్రాడొకడు మైకు పట్టుకుని వచ్చి, అమ్మా, ఆ చావు రాగం ఒక్కసారి కెమెరా ముందు వాయిస్తారా అన్నాడు. సిమెంటు కట్టు ఉన్న చేత్తోనే వాడి మైకు మీద కొట్టాను. నాకే నొప్పెట్టింది.

పాక కాలిన మర్నాడు మధ్యాహ్నం గోవింద్‌ని కోసి కుట్టి అప్పగించారు. కర్మకి తండ్రిని పోలీసులు జీపులో తెచ్చారు, చేతులకి కాలిన గాయాల గుడ్డలున్నాయని బేడీలు వెయ్యలేదు. ఒడ్డున తడి ఇసక మీద ఒళ్ళు పడుకోబెట్టారు. పెద్దలు నా ఇంటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. లోపలికి రావడానికి ఒక్కడికీ ముఖం లేదు. ఇప్పుడు ఒళ్ళు కళ్ళబడింది, కట్టు దించాలి అన్నారు. నీ చెయ్యి ఆడదు గదా, ఎవరి చేతనైనా మీటిద్దాం అని కూడా అన్నారు.

ఏం దించమంటారు? గిటారు మూలన పడి ఉంది. ఆ రోజు బైరాగి వదిలేసి పోయిన చోటే ఉంది. రెండు లావు తీగలూ దిగే ఉన్నాయి. దించడానికి ఏం మిగిలింది?

నేనే దాన్ని చంకలో పెట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయాను. పేటంతా చూస్తోంది. గెడ్డ అవతల ఆ పేటవాళ్ళు కూడా నిలబడ్డారు, వాళ్ళలో మంగ ఉంది. ఇటు రాలేదు. బైరాగి కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. గిటారు వాడి ఒళ్ళో పడేశాను. వాడు తలెత్తాడు. ఆ కళ్ళు చూస్తే జాలి వెయ్యాలి, నాకు వెయ్యలేదు.

"ముందు పైకి ఎక్కించు" అన్నాను. "నీ సేత్తో నీ కొడుకుని బతికించు. ఆ తరవాత సంపు."

వద్దప్పా అన్నట్టు తల ఊపాడు. ఎక్కించు అన్నాను మళ్ళీ. పోలీసాయన టైమైపోతోందని ఏదో అనబోతే గౌరి ఆయన వైపు ఒక్క చూపు చూసింది, ఆయన వెనక్కి పోయి జీపు పక్కన నిలబడ్డాడు.

గుడ్డలు చుట్టిన వేళ్ళతో బైరాగి బిరడ పట్టుకున్నాడు. ప లేచి లేచి స దగ్గరకొచ్చింది. పక్క తీగ స లేచి గ దగ్గరకొచ్చింది. అన్ని తీగలూ కలిపి ఒకసారి మీటాడు. పెళ్ళికట్టు. గోవింద్ తన పెళ్ళికి నన్ను వాయించమన్నది ఆ కట్టే. గౌరి కొడుకు ముఖం మీది గుడ్డ తీసి, వింటున్నావా నాన్నా అంది. ఆ మోత గాలిలో ఉన్నంతసేపూ పేటలో ఒక్క పిల్ల కూడా ఏడవలేదు.

అది ఆగిపోయాక, "ఇప్పుడు దించు" అన్నాను.

వాడు దించాడు. ఏడుస్తూ దించాడు, అయినా ముందు గ వచ్చి స మీద నిలిచింది, తరవాత స వచ్చి ప మీద నిలిచింది. వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఆ చెవిని అక్కడే కోసి సముద్రంలో పారెయ్యాలనిపించింది నాకు.